హాస్టల్ పిల్లలకు నెట్‌ల ఆరోగ్య సమాచారం వెతుకుడు నేర్పాలె: ఏం చెప్పాలి, ఏం చేయించాలి?

హాస్టల్ కమిటీ, హన్మకొండ:

అందరికీ నమస్తే. యూనివర్సిటీ హాస్టల్‌లో కొత్తగా చేరిన పిల్లలకు వచ్చే శనివారం గంటన్నర క్లాసు పెడుతున్నం. ఒంట్లో బాగా లేనప్పుడు ఫోన్‌లో ఏం వెతకాలి, ఎట్ల వెతకాలి, దొరికినదాంట్లో దేన్ని నమ్మాలి అన్నదే విషయం. అరవై మంది దాకా కూర్చుంటరు. ఎక్కువమంది ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు ఊళ్ల నుంచి వచ్చినోళ్లు. సగం మంది ఇంటర్ దాకా తెలుగు మీడియమే. ల్యాప్‌టాప్‌లు లేవు, అందరి దగ్గర ఫోన్లే.

ఇప్పుడు నడుస్తున్న పద్ధతి ఏందంటే, జరమొస్తే ముందు పక్క రూమోని దగ్గర ఒక గోలీ, తర్వాత యూట్యూబ్, తర్వాత గూగుల్‌లో "తలనొప్పి, కళ్ల వెనక నొప్పి" అని కొట్టి భయపడుడు. దవాఖానకు పోయేసరికి నాలుగో రోజు. "నెట్ చూడొద్దు" అంటే ఎవరూ వినరు, వినాల్సిన అవసరం కూడా లేదని నా అభిప్రాయం. చూసేదేదో సరిగ్గ చూడాలె. "అధికారిక సైట్లు చూడండి" లాంటి గాలి మాటలు వద్దు. ఫోన్ చేతిల పెట్టి చేయించే పనులు చెప్పండి. వానకాలం కాబట్టి డెంగీ, టైఫాయిడ్, కామెర్లు ఉదాహరణలుగా ఉంటే మంచిది.

లైబ్రరీ డెస్క్:

తమ్మీ, మంచి పని పెట్టుకున్నరు. గంటన్నరలో అన్నీ పట్టవు కాబట్టి ముందు ఒక్క అలవాటు మార్పించండి. లక్షణంతో వెతికేవాళ్లకు పేరుతో వెతకడం నేర్పండి.

"కడుపు నొప్పి" అని కొడితే అజీర్తి నుంచి క్యాన్సర్ దాకా అన్నీ వస్తాయి. సెర్చ్ ఇంజిన్‌కు మన వయసు తెలియదు, నొప్పి ఎన్ని రోజులుగా ఉందో తెలియదు, పొట్ట నొక్కి చూసే చెయ్యి దానికి లేదు. అదే మన దగ్గర ఒక పేరు ఉంటే, అంటే గోలీల పట్టీ మీది మందు పేరు, రిపోర్టులోని పరీక్ష పేరు, డాక్టరు చెప్పిన జబ్బు పేరు, అప్పుడు నెట్ చాలా బాగా పనికొస్తుంది. చీటీ మీద జబ్బు పేరు లేకపోతే "ఏమనుకుంటున్నరు సార్, కొంచెం రాసియ్యండి" అని అడిగి రాయించుకోమని చెప్పండి. ఇంగ్లీషు స్పెల్లింగ్ ఒక్కటి సరిగ్గా చేతికొస్తే సగం వెతుకులాట తీరిపోతుంది.

రెండోది, ప్రశ్నలోనే జవాబు పెట్టకూడదు. "బొప్పాయి ఆకు రసంతో ప్లేట్‌లెట్లు పెరుగుతాయా" అని కొడితే పెరుగుతాయని చెప్పే పేజీలే పైకొస్తాయి, ఎందుకంటే ఆ మాటలన్నీ ఉన్నవి అవే. "డెంగీ ట్రీట్‌మెంట్" అని కొడితే జాబితా మొత్తం మారిపోతుంది. ఈ రెండూ పక్కపక్కన కొట్టించి పైనున్న ఐదేసి ఫలితాలు కాగితం మీద రాయించండి. మీరు ఉపన్యాసం ఇవ్వాల్సిన పనే ఉండదు.

మూడోది, సైట్‌కు కట్టేసి వెతకడం. మాట కొట్టి, ఒక ఖాళీ ఇచ్చి, ఇంగ్లీషులో సైట్ అని కొట్టి, వెంటనే కోలన్, అంటే ఒకదాని మీద ఒకటి రెండు చుక్కలు, పెట్టి, దానికి ఆనించి సైట్ పేరు రాయాలి. కోలన్ తర్వాత ఖాళీ వదిలితే పనిచేయదు, అందరూ తప్పేది అక్కడే. డబ్ల్యూహెచ్ఓ డాట్ ఐఎన్‌టీ, మెడ్‌లైన్‌ప్లస్ డాట్ గవ్, ఎన్‌హెచ్‌ఎస్ డాట్ యూకే, ఈ మూడు చాలు. డబ్ల్యూహెచ్ఓ అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఎన్‌హెచ్‌ఎస్ అంటే బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ. మెడ్‌లైన్‌ప్లస్ అమెరికా ప్రభుత్వ వైద్య గ్రంథాలయం నడిపేది. ప్రకటనలుండవు, మందులకు ఒక విభాగం, ల్యాబ్ పరీక్షలకు ఒక విభాగం విడిగా ఉంటాయి. డెంగీ, కామెర్ల లాంటి మన దగ్గరి జబ్బులకు మాత్రం డబ్ల్యూహెచ్ఓ మేలు. ఐసీఎంఆర్, అంటే మన దేశ వైద్య పరిశోధన మండలి వాళ్ల స్టాండర్డ్ ట్రీట్‌మెంట్ వర్క్‌ఫ్లోలు కూడా ఉన్నాయి, జబ్బును బట్టి ఒక చార్టు. అవి డాక్టర్ల కోసం రాసినవే అయినా "ఏ గుర్తు కనిపిస్తే పెద్ద దవాఖానకు పంపాలి" అన్న భాగం డిగ్రీ పిల్లలకు అర్థమవుతుంది.

బయటి దేశాల సైట్లలో రెండు గుంతలున్నాయి. ఒకటి మందుల పేర్లు. మన పారాసెటమాల్‌ను అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు, ఆస్తమా పంపులోని సాల్బుటమాల్‌ను ఆల్బ్యుటెరాల్ అంటారు. ఇది తెలియకపోతే రెండూ వేర్వేరు మందులనుకొని రెండూ వేసుకునే ప్రమాదం ఉంది. రెండోది కొలతలు. షుగర్ మన ల్యాబుల్లో మిల్లీగ్రాములు పర్ డెసీలీటర్‌లో ఇస్తారు, బ్రిటన్‌లో మిల్లీమోల్స్‌లో. అక్కడి అంకెను 18తో గుణిస్తే మన అంకె వస్తుంది: వాళ్ల 7 అంటే మన 126. హిమోగ్లోబిన్ వాళ్లకు 120 ఉంటే మనకు 12. ఎమర్జెన్సీ నంబర్ కూడా అక్కడ 911, 999 అని ఉంటుంది. మనకు 108.

సైట్ మంచిదో కాదో తేల్చడానికి అదే సైట్‌లోని "మా గురించి" పేజీ చదివి లాభం లేదు, ఎవరైనా తమ గురించి మంచిగానే రాసుకుంటారు. కొత్త ట్యాబ్ తెరిచి ఆ సైట్ పేరు కొట్టి, బయటివాళ్లు ఏమంటున్నారో చూడాలి. పేజీ అడుగున చివరిసారి ఎప్పుడు సరిచూశారో తేదీ ఉందా లేదా చూడాలి. ఎన్‌హెచ్‌ఎస్ పేజీల కింద మళ్లీ ఎప్పుడు సరిచూస్తారో కూడా రాసి ఉంటుంది. పాత పుస్తకాల్లో, ఆరోగ్య సైట్లకు ఇచ్చే హాన్‌కోడ్ అనే నాణ్యత ముద్ర ఉంటే నమ్మొచ్చని చదివి ఉంటారు. 1996 నుంచి ఆ ముద్ర ఇచ్చిన జెనీవా సంస్థ 2022 చివర మూతపడింది. ఇప్పుడు ఎక్కడైనా ఆ బొమ్మ కనిపిస్తే దాని వెనక ఎవరూ లేరు.

మందుల కౌంటర్, నయీంనగర్:

పైన సార్ చెప్పినట్టు పేరుతో వెతకాలంటే ముందు పట్టీ చదవడం రావాలె. క్లాసుకు నాలుగైదు రకాల ఖాళీ పట్టీలు తీసుకుపొండి. పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. వెతకాల్సింది దాని కింద చిన్న అక్షరాల్లో ఉండేది, అంటే లోపలి మందు పేరు, పక్కన ఎంజీ. కత్తిరించి అమ్మిన పట్టీలో చాలాసార్లు పేరు ఒక ముక్కల, ఎక్స్‌పైరీ ఇంకో ముక్కల పోతయి. అందుకే కొన్న రోజే పూర్తి పట్టీ ఫొటో తీసి ఉంచుకోవాలె.

లోపలి మందు పేరు ఎందుకు చదవాలో లెక్కతోనే చూపించండి. జరానికి పారాసెటమాల్ 650 గోలీ నాలుగు గంటలకొకటి చొప్పున వేసుకుంటే రోజుకు ఆరు, అంటే 3900 ఎంజీ. ముక్కు కారుతుందని జలుబు గోలీ మూడు పూటలు. దాని కింద చిన్న అక్షరాలు చదివితే అందులోనూ పారాసెటమాల్ 500 ఉంటది, అంటే ఇంకో 1500. మొత్తం 5400. పెద్దవాళ్లకు 24 గంటల్లో దాటకూడనిది 4000 ఎంజీ. 50 కిలోల లోపు బరువున్నోళ్లకు, మద్యం తాగే అలవాటున్నోళ్లకు అంతకన్నా తక్కువే. మూడు నాలుగు రోజులు ఇట్ల నడిస్తే లివర్ దెబ్బతింటది. మొదటి రోజు ఏమీ అనిపించదు కాబట్టి "నాకేం కాలే" అనుకుంటరు. ఎక్కువ వేసుకున్నమని తెలిసిన వెంటనే దవాఖానకు పోవాలె. విరుగుడు మందు ఉంది, ఎనిమిది గంటల లోపు ఇస్తే బాగా పనిచేస్తది.

ఒళ్లు నొప్పుల గోలీ ఇంకా చెడ్డది. ఎసిక్లోఫెనాక్ 100, పారాసెటమాల్ 325 కలిపినవి హాస్టళ్లల్ల బాగా తిరుగుతయి. అది డెంగీ జరమైతే ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ ఏదీ వేసుకోవద్దు. కడుపులో పుండ్లు పడి రక్తం పోయే ప్రమాదం ఉంటది, అసలే డెంగీల ప్లేట్‌లెట్లు తగ్గి ఉంటయి. వానకాలం జరానికి కారణం తేలేదాకా ఒక్క పారాసెటమాల్, ఆరు గంటలకొకటి, అంతే. "పెయిన్‌కిల్లర్ ఇయ్యన్నా" అని అడిగే అలవాటు మాన్పించండి.

పట్టీ మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా వాడకూడనిది. యాంటీబయాటిక్ పట్టీలు చూపించి ఆ గీత వెతికించండి. రూమ్మేట్‌కు రాసిన అజిత్రోమైసిన్‌ల మిగిలిన రెండు గోలీలు మనం వేసుకుంటే వైరల్ జరానికి ఏమీ కాదు, టైఫాయిడ్ అయితే సగం అణిగి తర్వాత పరీక్షల్ల దొరకకుండ పోతది. ఇంకో సంగతి, 2023 ఆగస్టు 1 నుంచి 300 పేరున్న బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ ఉండాలె. స్కాన్ చేస్తే లోపలి మందు పేరు, బ్యాచ్ నంబర్, తయారీ తేదీ, ఎక్స్‌పైరీ కనిపిస్తయి. పట్టీ మీది బ్యాచ్ నంబర్‌తో అది కలవకపోతే ఆ మందు వాడొద్దు, కొన్న షాపుల చూపించాలె.

జిమ్ పొడుల గురించి కూడా ఒక్క ముక్క చెప్పండి. డబ్బా మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబర్ ఉంటది, దాన్ని వాళ్ల సైట్‌ల కొట్టి చూడొచ్చు. నంబర్ కలిస్తే కంపెనీకి లైసెన్సు ఉన్నట్టు మాత్రమే. కండలు పెరుగుతయని ఎవరూ హామీ ఇచ్చినట్టు కాదు.

జనరల్ మెడిసిన్, వరంగల్:

మీరడిగిన మూడు జబ్బుల గురించే చెప్తాను. మూడింటిలోనూ నెట్ ఒక్కో రకంగా తప్పుదారి పట్టిస్తుంది.

డెంగీలో అందరి కళ్లూ ప్లేట్‌లెట్ల మీదే. మనిషిని నిజంగా పడగొట్టేది రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోవడం. అది జరం తగ్గేటప్పుడు, సాధారణంగా మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య, ఒకటి రెండు రోజుల పాటు జరుగుతుంది. "జరం తగ్గింది, ఇంక క్లాసుకు పోవచ్చు" అనుకునే రోజే జాగ్రత్తగా ఉండాల్సిన రోజు. కడుపులో గట్టి నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, మగతగా గానీ చిరాగ్గా గానీ ఉండటం, నాలుగైదు గంటలుగా మూత్రం రాకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రాత్రి రెండైనా సరే వరంగల్ ఎంజీఎం దవాఖాన ఎమర్జెన్సీకి తీసుకురండి. ఈ గుర్తులు కాగితం మీద రాసి హాస్టల్ నోటీసు బోర్డుకు అంటించండి. రిపోర్టులో ప్లేట్‌లెట్లతో పాటు హెమటోక్రిట్ (రక్తంలో ఎర్ర కణాల శాతం) అనే గడి కూడా చూడటం నేర్పండి. మొదటి రోజు కన్నా అది 20 శాతం పెరిగిందంటే నీరు కారుతున్నట్టు. ఒక్క రిపోర్టుతో ఇది తెలియదు, అందుకే మొదటి రిపోర్టు పారేయొద్దు.

ప్లేట్‌లెట్ల అంకె చదవడంలో ఒక చిక్కుంది. ఒక ల్యాబ్ 0.98 లక్షలు అని ఇస్తుంది, ఇంకొకటి 98,000 అని, మరొకటి కొలత గడిలో వేలు అని పెట్టి ఉత్త 98 అని ఇస్తుంది. మూడూ ఒకటే. ఆ 98 చూసి రక్తమంతా అయిపోయిందని ఇంటికి ఫోన్ చేసే పిల్లలున్నారు. అంకె పక్కన కొలత, దాని పక్కన మామూలుగా ఎంతుండాలో ఇచ్చిన గడి, ఈ రెండూ చూడకుండా ఏ అంకెనూ గూగుల్‌లో కొట్టకూడదు. రక్తస్రావం లేకుండా, మనిషి నిలకడగా ఉంటే, లక్ష కింద పడిందని ప్లేట్‌లెట్లు ఎక్కించరు. పరీక్ష కూడా రోజును బట్టి ఉంటుంది: మొదటి ఐదు రోజుల్లో ఎన్ఎస్1 (వైరస్‌లోని ఒక భాగాన్ని పట్టుకునేది), ఆ తర్వాత ఐజీఎం (జబ్బుకు ఎదురుగా ఒంట్లో పుట్టే యాంటీబాడీలను పట్టుకునేది). ఏడో రోజు చేయించిన ఎన్ఎస్1 నెగెటివ్ వస్తే డెంగీ కాదని అర్థం కాదు.

టైఫాయిడ్‌కు విడాల్ పరీక్ష ఒక్కసారి పాజిటివ్ అని రాగానే "టైఫాయిడ్ డైట్" అని వెతకడం మొదలుపెడతారు. విడాల్ చూసేది యాంటీబాడీలను. అవి జబ్బు రెండో వారానికి గానీ బాగా పెరగవు, పాత ఇన్‌ఫెక్షన్ వల్లా ఉండొచ్చు, వేరే జరాల్లోనూ పెరగొచ్చు. నమ్మదగింది బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష. దానికి రక్తం మొదటి వారంలో, యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందు తీయాలి. పై కామెంట్‌లో చెప్పిన మిగిలిపోయిన అజిత్రోమైసిన్ చెడగొట్టేది దీన్నే. "కల్చర్‌కు పంపుతారా సార్" అని అడగడం పిల్లలకు నేర్పండి. నెట్‌లో చదివి డాక్టర్ని అడగాల్సింది ఇలాంటి ప్రశ్నలే, అడిగితే మాకు కోపం రాదు.

కామెర్ల సంగతి ఇంకాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ యూట్యూబ్‌కు తోడు ఊళ్లో పసరు మందు కూడా ఉంది. హాస్టళ్లలో వచ్చే కామెర్లలో ఎక్కువ కలుషితమైన నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్ ఏ, ఈ. వయసులో ఉన్నవాళ్లలో ఇవి దాదాపు అందరికీ కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. పసరు తాగినా తగ్గుతాయి, తాగకపోయినా తగ్గుతాయి. అందుకే వీడియో కింద "మా తమ్ముడికి తగ్గింది" అన్న కామెంట్లు వందల్లో ఉంటాయి. వాళ్లు అబద్ధం చెప్పట్లేదు. తగ్గనివాళ్లు మాత్రం అక్కడ కామెంట్ రాయరు. ఇది పిల్లలకు విడమరిచి చెప్పండి, ప్రతి చిట్కా వీడియోకూ వర్తిస్తుంది. పసరు కళ్లలో, ముక్కులో పోస్తే కలిగే హాని వేరే. రక్తంలో బిలిరుబిన్ అనే పసుపు పదార్థం 2, 3 దాటితే కళ్లు పచ్చబడతాయి. ఆ అంకె తగ్గుతోందా పెరుగుతోందా అన్నదానికన్నా మనిషి మత్తుగా ఉన్నాడా, తికమకగా మాట్లాడుతున్నాడా, పీటీ ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూపే అంకె) పెరిగిందా అన్నది ముఖ్యం. గర్భిణులకు హెపటైటిస్ ఈ చాలా ప్రమాదం. ఇంట్లో వదిన గానీ అక్క గానీ గర్భంతో ఉంటే సెలవుకు ఇంటికెళ్లే ముందే డాక్టర్ని అడగాలి.

షుగర్ పూర్తిగా పోతుంది, ఎత్తు పెరుగుతారు, బొల్లి మాయమవుతుంది అని మందు అమ్మే ప్రకటనలు 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం వెనక జబ్బుల జాబితా ఉంది, తెరిచి చూపించండి. ఫోన్‌లో రోజూ వచ్చే ప్రకటనల్లో ఎన్ని ఆ జాబితాలో ఉన్నాయో పిల్లలే చెప్తారు.

హాస్టల్ కమిటీ, హన్మకొండ:

అందరికీ చాలా థాంక్స్. సార్, ఆ గుర్తుల కాగితం ఇయ్యాల్నే తయారు చేస్తం. ఇంకో రెండు అడగాలె. అమ్మాయిలు పీరియడ్స్, ప్రెగ్నెన్సీ గురించి, అబ్బాయిలు హెచ్‌ఐవీ గురించి వెతకడానికి భయపడుతున్నరు, "వార్డెన్‌కు తెలుస్తదా" అని. రెండోది, ఇప్పుడు అందరూ గూగుల్ కన్నా ఏఐ చాట్‌బాట్‌నే అడుగుతున్నరు. దానికేం చెప్పాలె?

కౌన్సెలింగ్, కాజీపేట:

మొదటిదానికి నేను చెప్తాను. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో మోడ్ పెడితే మీ ఫోన్‌లో హిస్టరీ మిగలదు, అంతవరకే. హాస్టల్ వైఫై మీద ఏ సైట్ తెరిచారో నెట్‌వర్క్ నడిపేవాళ్లకు కనిపించొచ్చు, ఆ పేజీలో ఏం చదివారో, ఏం కొట్టారో కనిపించదు. భయముంటే వైఫై ఆపి మొబైల్ డేటా మీద వెతకండి. గూగుల్ ఖాతాలో మై యాక్టివిటీకి వెళ్లి ఆటో డిలీట్ మూడు నెలలకు పెట్టండి. అసలు బయటపడేది చాలాసార్లు ఫోన్ పక్కవాళ్ల చేతికిచ్చినప్పుడు, పాత ట్యాబ్ మూయకపోవడం వల్ల.

ఇక గంటల లెక్క ఉన్న విషయాలు. వీటిలో వెతుకుతూ కూర్చుంటేనే నష్టం. ఎమర్జెన్సీ గర్భనిరోధక గోలీ, లెవొనార్జెస్ట్రెల్ 1.5 ఎంజీ, 72 గంటల లోపు వేసుకోవాలి, ఎంత తొందరగా వేసుకుంటే అంత బాగా పనిచేస్తుంది. హెచ్‌ఐవీ సోకే అవకాశం ఉందనుకుంటే అది సోకకుండా ఆపే పీఈపీ మందులు కూడా 72 గంటల లోపే మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఇవి రెండూ వేర్వేరు మందులు, ఒకటి ఇంకొకదాని పని చేయదు. హెచ్‌ఐవీ పరీక్ష సర్కారు దవాఖానల్లోని ఐసీటీసీలో (కౌన్సెలింగ్, పరీక్ష కేంద్రంలో) ఉచితం. ఫలితం వేరేవాళ్లకు చెప్పకూడదని 2017 చట్టం ఉంది. సంఘటన జరిగిన మర్నాడే చేయించుకున్న పరీక్ష నెగెటివ్ వస్తే దానికి అర్థం లేదు, మళ్లీ ఎప్పుడు రావాలో అక్కడ చెప్తారు. ఫోన్‌లో అడగాలంటే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097.

గర్భస్రావం గోలీలు ఆన్‌లైన్‌లో తెప్పించుకొని వేసుకోవద్దని గట్టిగా చెప్పండి. గర్భం ట్యూబులో ఉంటే ఆ గోలీలు పనిచేయవు, ట్యూబు పగిలి ప్రాణం మీదికొస్తుంది. 18 దాటిన అమ్మాయికి తన సంతకం ఒక్కటే చాలు, పెళ్లి కాలేదని కాదనడానికి లేదు, పేరు బయటపెట్టకూడదు. సుప్రీంకోర్టు 2022 తీర్పులో దీన్ని స్పష్టం చేసింది.

రాత్రిళ్లు "చచ్చిపోవాలని ఉంది" అని గూగుల్‌లో కొట్టే పిల్లలుంటారు. 14416 టెలీ మానస్, అంటే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. క్లాసులోనే అందరి చేతా ఆ నంబర్ ఫోన్‌లో సేవ్ చేయించండి. అందరూ ఒకేసారి చేస్తే ఎవరికి అవసరమో ఎవరికీ తెలియదు.

లైబ్రరీ డెస్క్:

చాట్‌బాట్ గురించి. వాడొద్దనకండి. ఇంగ్లీషు పేజీని అర్థమయ్యే తెలుగులో చెప్పమంటే బాగానే చెప్తుంది, తెలుగు మీడియం పిల్లలకు అది పెద్ద సాయం. డాక్టరు దగ్గర ఏం అడగాలో జాబితా రాయమన్నా రాస్తుంది. దాని నుంచి తీసుకోకూడనివి అంకెలు: డోసు, ఎన్ని గంటలకొకటి, ఎన్ని రోజులు, ఏ మందుతో ఏది కలపొచ్చు. తప్పు అంకె కూడా ఒప్పు అంకె అంత ధీమాగానే చెప్తుంది, చదివితే తేడా తెలియదు. "ఈ మాట ఎక్కడిది, లింకు ఇవ్వు" అని అడగాలి, ఆ లింకు తెరవాలి, ఆ అంకె అందులో ఉందో లేదో కళ్లతో చూడాలి. కొన్నిసార్లు లింకే ఉండదు, కొన్నిసార్లు లింకు ఉంటుంది గానీ అంకె వేరే ఉంటుంది. గూగుల్‌లో పైనే వచ్చే ఏఐ సారాంశానికీ ఇదే పద్ధతి. రిపోర్టు ఫొటో పెట్టేటప్పుడు పేరు, ఫోన్ నంబర్, ఆస్పత్రి నంబర్ ఉన్న పైభాగం కత్తిరించి పెట్టమనండి.

క్లాసు ముందూ తర్వాతా పిల్లలు ఎంత నేర్చుకున్నారో కొలవాలనుకుంటే ఈహీల్స్ అని ఎనిమిది వాక్యాల ప్రశ్నావళి ఉంది. కెనడాలో నార్మన్, స్కిన్నర్ 2006లో తయారుచేశారు. ఒక్కో వాక్యానికి 1 నుంచి 5 మార్కులు, మొత్తం 8 నుంచి 40. అయితే అది కొలిచేది "నాకు వచ్చు" అన్న నమ్మకాన్ని. వచ్చా రాదా అన్నది తెలియాలంటే పని ఇవ్వాలి. ముగ్గురికొక పట్టీ, ముగ్గురికొక రిపోర్టు ఇచ్చి, పది నిమిషాల్లో మూడు రాయమనండి: లోపలి మందు పేరు లేదా పరీక్ష పేరు, అది దేనికోసం, ఆ మాట ఏ సైట్‌లో ఏ తేదీ పేజీలో ఉంది. మూడోది ఖాళీగా వదిలిన గుంపు దగ్గర మీరు కూర్చోండి.

అరవై ఫోన్లు ఒకేసారి ఎక్కితే హాస్టల్ వైఫై కదలదు. డబ్ల్యూహెచ్ఓ డెంగీ పేజీ, మెడ్‌లైన్‌ప్లస్ పారాసెటమాల్ పేజీ ముందే పీడీఎఫ్‌గా దించుకొని గ్రూపులో పెట్టి ఉంచండి. ఆ రెండోది ఎసిటమినోఫెన్ పేరు మీద దొరుకుతుంది.